ఆంగ్లపదముల కీళ్లు

నోటిలోని పన్నుకు బహువచనము పళ్లు; సర్కారుకు కట్టు పన్నుకు బహువచనము పన్నులు. ఊరిలోని ఇల్లు రెండైనచో ఇళ్లగును గాని, ఊరిబయటి బియ్యపుమిల్లు రెండైనచో మిళ్లు కాదు, మిల్లులే యగును. కన్ను వాడుకలో కళ్లయినది. నిన్నమొన్న వచ్చిన పెన్ను పెన్నులుగానే నిలిచినది. ఈ భేదమును మనకెవ్వరును బోధింపలేదు. వ్యాకరణము పేరైన వినని పల్లెటూరి ముసలమ్మయు ఇందు పొరపడదు. విచారించి చూచినచో మన మనస్సునందు మాటలు రెండు తీరుల నిలువయై యున్నవని తోచును. తరతరములుగ నోటినుండి నోటికి వచ్చి అరిగి నునుపెక్కిన కొన్ని రూపములను మనము ఉన్నవున్నట్లు జ్ఞాపకముంచుకొందుము. కొత్తగా వచ్చిన ప్రతి మాటకును, అది ఏ దేశపుదైనను సరే, ‘లు’ తగిలించి మన వాడుకలోనికి చేర్చుకొను సజీవమైన సూత్రమొకటి వేరుగ మనలో పనిచేయుచుండును.

ఇంగ్లీషు భాషయందును సరిగా ఇట్టి ద్వివిధవ్యవస్థయే కలదు. మన బాలురు బడిలో అపవాదములని వల్లించు రూపములన్నియు పూర్వమొకప్పుడు సూత్రములే యనియు, ఆ సూత్రములు మరణించినను వాటి సంతానము మిగిలియున్నదనియు నిరూపించుటయే ఈ అధ్యాయమున నా ప్రయత్నము. ప్రాణుల ఆకారములను పరిశీలించు శాస్త్రమునకు జర్మనుల మహాకవి గెథే వాడిన మార్ఫాలజీ అను పేరును, 1859లో ఆగస్ట్ ష్లైహర్ అను భాషావేత్త భాషకు అన్వయించెను. మనము దానిని పదనిర్మాణశాస్త్రమందము. అర్థము చెడకుండ మాటను ఎంతవరకు విడదీయవచ్చునో అంతవరకు విడదీసి, ఇక విడదీయరాని కనిష్ఠభాగమునకు పదాంశమని ఆ శాస్త్రము పేరిడును. ‘అన్‌హ్యాపీనెస్’ అను మాటయందు ‘అన్’, ‘హ్యాపీ’, ‘నెస్’ అని మూడు పదాంశములు గలవు. నడిమిది ఒంటరిగ నిలువగలదు, తక్కిన రెండును ఇంకొకదాని నాశ్రయింపక నిలువజాలవు. కీలెరిగి వాతపెట్టుమని మన పెద్దలన్నారు. పదమును విప్పువాడును ముందుగా దాని కీలు ఎచ్చట నున్నదో ఎరుగవలెను.

మొదట బహువచనమునే తీసికొందము. ఇంగ్లీషున బహువచనమునకు ‘ఎస్’ అను అక్షరము చేర్చవలెనని మనము నేర్చుకొన్నాము. కాని అది కంటికి కనబడు సంగతి. చెవికి వినబడు సంగతి వేరు. ‘కప్’, ‘క్యాట్’, ‘బుక్’ వలె పరుషములతో ముగియు మాటల పిమ్మట ఆ ప్రత్యయము స్వచ్ఛమైన ‘స’ కారముగ పలుకును. ‘క్యాబ్’, ‘బెడ్’, ‘డాగ్’ వలె సరళములతో గాని, అచ్చులతో గాని, అనునాసికములతో గాని ముగియు మాటల పిమ్మట అదే ప్రత్యయము నాదమును పుంజుకొని, మన లిపిలో చోటులేని, ‘జ’ కారమునకు చుట్టమైన ఒక ధ్వనిగ మారును. ‘బస్’, ‘డిష్’ వలె ఊష్మములతో ముగియు మాటల పిమ్మట రెండు ఊష్మములు ఒరసికొనకుండ నడుమ ‘ఇ’ కారమొకటి ఆగమముగ వచ్చి చేరును. పరుషసరళముల భేదమును చిన్ననాడే అభ్యసించిన తెలుగు విద్యార్థికి ఇంతకంటె సుబోధమైన సూత్రముండదు. అయినను ఇంగ్లీషు పాఠము చెప్పునపుడు మన పరుషసరళముల నెవ్వరును తలపరు.

ఈ సూత్రము నిజముగ శిశువుల మనస్సునందున్నదా, లేక వారు ప్రతి బహువచనమును వేరువేరుగ కంఠస్థము చేయుచున్నారా? ఈ సందేహమును తీర్చుటకు అమెరికా దేశమున జీన్ బెర్కో అను విదుషి చేసిన ప్రయోగము 1958లో ప్రకటితమైనది. ఆమె ఒక పక్షివంటి వింత జంతువు బొమ్మను గీసి, దానికి ‘వగ్’ అను పేరు కల్పించి, నాలుగు మొదలు ఏడేండ్ల వరకు వయస్సుగల పిల్లలకు చూపెను. ఇది ఒక వగ్, ఇదిగో ఇంకొకటి వచ్చినది, ఇప్పుడు రెండున్నవి, ఇవి రెండు ఏమి? అని వాక్యమును సగములో విడిచి ఊరకుండెను. ఆ మాటను ఆ పిల్లలు అంతకుముందు ఎన్నడును విని యుండలేదు, ఏలయన అది లోకమున లేదు. అయినను చాలమంది ‘వగ్’ పిమ్మట నాదముతో గూడిన ప్రత్యయమునే తడుముకొనక పలికిరి. అనగా వారు వల్లించినది మాటను కాదు, మాటను చేయు విధమును. ఇందు ఇంకొక సూక్ష్మమైన సంగతి బయటపడినది. ‘గ్లాస్’ అనగానే ‘గ్లాసెస్’ అని సరిగ పలికిన పిల్లలలో పెక్కురు, అట్టిదే యైన ‘టాస్’ అను కల్పితపదము చూపగానే దానికి బహువచనము చేయలేక ఉన్నదున్నట్లే పలికిరి. ‘గ్లాసెస్’ వారికి జ్ఞాపకమున నున్నది. ఊష్మమునకు పిమ్మటి సూత్రము మాత్రము ఇంకను లోపల కుదురుకొనలేదు. జ్ఞాపకము ఎచ్చట ముగియునో, సూత్రము ఎచ్చట మొదలగునో ఇంత స్పష్టముగ చూపిన ప్రయోగములు భాషాశాస్త్రమున తరచుగ కనబడవు.

ఇక అపవాదములకు వత్తము. ‘ఫుట్’ కు ‘ఫుట్స్’ కాక ‘ఫీట్’ ఏల యగును? ఈ చిక్కు విడుటకు తెలుగువాడు దూరము పోనక్కరలేదు. ‘అడుగు’ అను ధాతువునకు ‘ఇ’ చేరగనే ‘అడుగి’ కాక ‘అడిగి’ యగుచున్నది. ‘తిరుగు’ ‘తిరిగి’ యగుచున్నది. ‘వెలుగు’ ‘వెలిగి’ యగుచున్నది. రాబోవు ఇకారమునకై నాలుక ముందుగనే సిద్ధపడి, నడిమి ఉకారమును తనవైపు ఈడ్చుకొనుచున్నది. ఇంగ్లీషునకు పూర్వరూపమైన జర్మానిక్ భాషయందు పాదమునకు ‘ఫోట్’ అనియు, పాదములకు ‘ఫోటిజ్’ అనియు రూపములుండెడివి. ఆ వెనుకటి ఇకారము ముందున్న ఓకారమును తనవైపు లాగగా అది కాలక్రమమున ‘ఏ’ గ మారినది. ఇంగ్లీషున గ్రంథములు పుట్టకమునుపే ఈ మార్పు జరిగి, మార్పునకు కారణమైన ఇకారము కాస్తా రాలిపోయినది. కావున ఆ భాష మనకు మొదట దర్శనమిచ్చునాటికే ‘ఫోట్’, ‘ఫేట్’ అను జంట నిలిచియున్నది. అటుపై పదునైదవ శతాబ్దినుండి సాగిన దీర్ఘస్వరపరివర్తనమున అవియే నేటి ‘ఫుట్’, ‘ఫీట్’ అయినవి. ‘టూత్’, ‘టీత్’, ‘గూస్’, ‘గీస్’, ‘మౌస్’, ‘మైస్’ — ఇవన్నియు ఆ రాలిపోయిన ఇకారపు అడుగుజాడలే. ఆ కాలమున పుస్తకమునకును ‘బోక్’, ‘బేచ్’ అని ఇట్టి జంటయే యుండెను. కాని పుస్తకమును ‘ఎస్’ ప్రత్యయము వశపరచుకొన్నది, పాదమును వశపరచుకొనజాలకపోయినది. పాదము, దంతము, పురుషుడు, స్త్రీ — దినమునకు పదిమారులు నోటబడు మాటలు జ్ఞాపకమున గట్టిగ నాటుకొని సూత్రము నెదిరించి నిలువగలవు. మనకును కన్ను, పన్ను, ఇల్లు, వేలు మొదలైనవే కదా పాతరూపములను కాపాడుకొనుచున్నవి.

‘ఎస్’ ప్రత్యయము ఈ విధముగ దిగ్విజయము సాగించిన కాలమున దానికి ‘ఎన్’ అను ప్రతిద్వంద్వి యొకటి యుండెను. ఎడ్లకు నేటికిని వాడు ‘ఆక్సెన్’ దాని శేషము. ఇంగ్లండున ముద్రణాలయమును మొదట స్థాపించిన విలియం కాక్స్‌టన్ 1490లో తాను ప్రకటించిన ఏనియస్ చరిత్రకు వ్రాసికొన్న పీఠికయందు ఒక కథ చెప్పెను. థేమ్స్ నదిమీదుగ జీలండునకు పోవలసిన వర్తకులు కొందరు గాలి లేక ఆగిపోయి, ఒడ్డున దిగి, ఒక ఇల్లాలిని గ్రుడ్లు అడిగిరట. అడిగినవాడు ‘ఎగ్స్’ అన్నాడు. ఆమె తనకు ఫ్రెంచిభాష రాదన్నది. తనకును ఫ్రెంచి రానందున ఆ వర్తకునికి కోపము వచ్చినది. వేరొకడు కల్పించుకొని ‘ఐరెన్’ కావలెనన్నాడు, అప్పుడామెకు బోధపడినది. ‘ఎగ్’ అనునది స్కాండినేవియా నుండి వచ్చి స్థిరపడినవారి మాట. ‘ఐరెన్’ ఇంగ్లీషువారి సొంతమాట. ఈ ‘ఐరెన్’ ను విప్పి చూచినచో అందు రెండు బహువచనములున్నవి. మొదటి ‘ర’ కారమే పూర్వము బహువచనప్రత్యయము. దాని శక్తి ఉడిగి, అది బహువచనమని జనులు మరచిన పిమ్మట మరల ‘ఎన్’ తగిలించిరి. ‘ఐరెన్’ చచ్చినది గాని దాని తోబుట్టువు ‘చిల్డ్రన్’ నేటికిని బ్రతికి, ప్రతి తల్లినోటను రెండు బహువచనములను మోయుచున్నది.

ఇంగ్లీషువారి పూర్వులకును మనవలెనే విభక్తులుండెడివన్న సంగతి చాలమందికి తెలియదు. రాతిని చెప్పు ‘స్టాన్’ అను శబ్దమునకు స్టాన్, స్టానెస్, స్టానె, స్టానస్, స్టాన, స్టానుమ్ అని ఆరు భిన్నరూపములుండెను. నేడు చెవికి వినబడునవి రెండే. మాటలోని మొదటి అక్షరముపై బలము మోపి పలుకు ఆ జాతివారి అలవాటుచే చివరి అచ్చులు క్రమముగ క్షీణించినవి. ధాతువులలో పోలికయుండి ప్రత్యయములలో భేదమున్న, స్కాండినేవియా నుండి వచ్చిన డేనులతో కలిసి కాపురముండుటచే ఆ క్షయము త్వరితమైనది. 1066లో నార్మనులు రాజ్యమును జయించిన పిమ్మట దొరల భాష ఫ్రెంచియై, పాతరూపములను పట్టి నిలుపు రాజాస్థానమును గ్రంథసంప్రదాయమును ఇంగ్లీషునకు లేకపోయినవి. నేడు ఆ భాషయందు మిగిలిన వైభక్తికప్రత్యయములు లెక్కకు ఎనిమిదే: నామమునకు రెండు, క్రియకు నాలుగు, విశేషణమునకు రెండు. ఈ నష్టమువలన ఆ భాషకొక స్వేచ్ఛయు కలిగినది. నామమునకును క్రియకును రూపభేదము నశించుటచే, ‘బాటిల్’ అను సీసా ఏ ప్రత్యయమును చేర్చకయే సీసాలో పోయుట అను క్రియ కాగలదు. మనమైతే ఫోనునకు ‘చేయు’ ను తోడిచ్చి గాని దానిని క్రియగ నడిపింపలేము.

ప్రత్యయములు ఎచ్చటినుండి పుట్టుచున్నవి? నన్ను చిరకాలముగ ఆకర్షించిన ప్రశ్న ఇది. తెలుగున ‘తోడు’ అను నిండుమాట ‘తోడ’ యై, ‘తోడ’ తుదకు ‘తో’ యై, తన స్వాతంత్ర్యమును కోలుపోయి నామములవెంట నడచు విభక్తిప్రత్యయమైనది. ఇంగ్లీషునందు ‘ఫ్రెండ్లీ’, ‘స్లోలీ’ మొదలైన మాటల చివర వినబడు ‘లీ’ ఒకప్పుడు ‘లీచ్’ అను స్వతంత్రపదము. దానికి శరీరమని అర్థము. మిత్రుని శరీరము గలది, అనగా మిత్రుని రూపము దాల్చినది ‘ఫ్రెండ్లీ’ అయినది. ఇంగ్లండు పల్లెలలో చర్చి ప్రాంగణమునకు ముందు పైకప్పుతో ఒక ద్వారముండును. శవపేటికను మోసుకొని వచ్చినవారు మతాచార్యుడు వచ్చువరకు దానిని ఆ నీడన దింపి నిలుతురు. ఆ ద్వారమునకు నేటికిని ‘లిచ్‌గేట్’ అని పేరు. దేహము అను పాత అర్థము ఆ ద్వారముకడ ఆగిపోయినది. ప్రత్యయము మాత్రము వేలకొలది మాటలతో లోకమెల్ల తిరుగుచున్నది. ఇట్లే ‘చైల్డ్‌హుడ్’ లోని ‘హుడ్’ పూర్వము స్థితి, అంతస్తు అను అర్థముగల నామము. ‘ఫ్రీడం’ లోని ‘డం’ తీర్పు అను అర్థముగల నామము.

సమాసములకును ఇదే గతి పట్టును. ప్రభువును చెప్పు ‘లార్డ్’ అను ఏకాక్షరపదము మొదట ‘హ్లావ్‌వెయర్డ్’ అను సమాసము: రొట్టెను కాచువాడు. ‘లేడీ’ అనగా రొట్టెపిండిని పిసుకునది. ఇంటియజమాని అన్నమునకు కావలి, ఇల్లాలు అన్నమునకు కర్త్రి అను ఒక పురాతనసంసారచిత్రము ఆ రెండు మాటలలో ఇమిడియుండెను. కీళ్లు అరిగి కలసిపోవుటచే ఇప్పుడది ఇంగ్లీషువారికే కనబడదు. కిటికీని చెప్పు ‘విండో’ ఇంతకంటె రమ్యము. అది స్కాండినేవియా నుండి వచ్చినది. ‘విండ్’ అనగా గాలి, ‘ఔగ’ అనగా కన్ను: గాలికన్ను. సంస్కృతమున కిటికీకి గవాక్షమనియు వాతాయనమనియు పేర్లు గలవు. ఒకటి ఆవుకన్ను, ఇంకొకటి గాలినడచు త్రోవ. గోడకు పెట్టిన రంధ్రమును చూచి ఉత్తరధ్రువప్రాంతపు నావికులును మన ప్రాచీనులును అదే కంటిని, అదే గాలిని స్మరించిరి. మనవారు రెండు మాటలకు పంచినదానిని వారు ఒక్కదానియందే కూర్చిరి.

పదాంశములు పూసలవలె ఒకదాని ప్రక్క నొకటి గ్రుచ్చినవి మాత్రమే యనుకొనరాదు; వాటి అమరికయందు అంతస్తులు గలవు. ‘అన్‌లాకబుల్’ అను మాట నిందుకు ఉదాహరణముగ తీసికొందము. ‘లాక్’ అనగా తాళము వేయుట. దానికి ‘ఏబుల్’ చేర్చి ‘లాకబుల్’ చేసి, అటుపై ‘అన్’ ముందుంచినచో తాళము వేయుటకు వీలులేనిదని అర్థము. అట్లుకాక ముందు ‘అన్’ చేర్చి ‘అన్‌లాక్’ చేసి, పిమ్మట ‘ఏబుల్’ తగిలించినచో తాళము తీయుటకు వీలైనదని అర్థము. అక్షరములు అవే, వరుస అదే. కూర్పు మారినంతనే తాళమే పడని తలుపు తాళము తీయదగిన తలుపగుచున్నది. నిజమునకు ఇచ్చటి ‘అన్’ లు రెండును వేరువేరు ఉపసర్గలు. విశేషణమును నిషేధించునది ఒకటి, క్రియను వెనుకకు త్రిప్పునది ఇంకొకటి. కాలవశమున రూపైక్యము పొందినవి. పీతాంబరమునకు విగ్రహవాక్యము చెప్పుమనగానే, పచ్చని వస్త్రమా, పచ్చని వస్త్రము గలవాడా అని మన విద్యార్థి మొదట విచారించును. ఆ విచారమే ఇచ్చటను కావలయును.

ఈ సందర్భమున మనము సంతోషింపదగిన విషయమొకటి చెప్పెదను. ఇంగ్లీషు సమాసములను వర్గీకరించుటకు పాశ్చాత్యపండితులు తత్పురుష, ద్వంద్వ, బహువ్రీహి అను మన వైయాకరణుల సంజ్ఞలనే తమ గ్రంథములలో గ్రహించిరి. సంధి అను మాటయు వారి శాస్త్రమున స్థిరపడినది. ‘బోట్‌హౌస్’ పడవల నుంచు ఇల్లు, ‘హౌస్‌బోట్’ ఇల్లుగ వాడు పడవ. రెంటను ఉత్తరపదమే ప్రధానము గాన ఇవి తత్పురుషములు. ఎర్రకోటు ధరించిన పూర్వపు బ్రిటిషు సైనికునికి ‘రెడ్‌కోట్’ అని పేరు. అది కోటును గాక కోటు తొడిగినవానిని చెప్పును గాన, పీతాంబరుడు వలె బహువ్రీహి.

మన భాషవలెనే ఇంగ్లీషును రెండు వంశముల మాటలతో కాపురము చేయుచున్నది: దేశ్యములు ఒకవైపు, ఫ్రెంచి లాటిన్ తత్సమములు వేరొకవైపు. భావార్థమున దేశ్యప్రత్యయము ‘నెస్’, లాటిన్ ప్రత్యయము ‘ఇటీ’. ‘నెస్’ తాను చేరిన మాటను ఏమాత్రమును కదపదు. ‘ఇటీ’ అట్లు కాదు: ‘సేన్’ ‘సానిటీ’ యగును, ‘డివైన్’ ‘డివినిటీ’ యగును, ‘ఎలెక్ట్రిక్’ లోని కకారము ‘ఎలెక్ట్రిసిటీ’ లో సకారమగును. మన ‘తనము’ ‘నెస్’ వంటిది. గొప్ప, మంచి, చిన్న అను మాటలకు చేరి వాటి నంటక నిలుచును. సంస్కృతతద్ధితము ‘ఇటీ’ వంటిది; సుందరమును సౌందర్యముగను, దీనమును దైన్యముగను, గురువును గౌరవముగను మార్చి గాని ఊరకుండదు. మార్పునకు కారణములు వేరైనను మర్యాద యొక్కటే: అరువు తెచ్చుకొన్న ప్రత్యయము తన ఇంటి ఆచారమును వెంటగొనియే వచ్చును. కాని ఒక విషయమున ఇంగ్లీషు మనకంటె ఉదారము. ‘రాజు ఇల్లు’ అనుము, ‘రాజగృహము’ అనుము; సంస్కృతరూపమైన ‘రాజ’ శబ్దమునకు ‘ఇల్లు’ తగిలించినచో మన వైయాకరణులు వైరిసమాసమని త్రోసివేయుదురు. ఇంగ్లీషువారు ఫ్రెంచిసౌందర్యమునకు తమ సొంత ‘ఫుల్’ ను కూర్చి ‘బ్యూటిఫుల్’ అనిరి, దూరమును చెప్పు గ్రీకుమాటకు చూపును చెప్పు లాటిన్ మాటను జతపరచి ‘టెలివిజన్’ అనిరి. ఆ భాషయొక్క శబ్దసంపద ఇంతగ పెరుగుటకు ఈ ఔదార్యము ముఖ్యహేతువులలో నొకటి యని నా నిశ్చయము.

కీలు లేనిచోట కీలున్నదని భ్రమించుటయు భాషకొక సృష్టిమార్గమే. బఠాణీని పూర్వము ‘పీజ్’ అనెడివారు. చివరి ఊష్మము మాటలోని భాగమే. జనులు దానిని బహువచనప్రత్యయమని తలచి, ఒక్క గింజను ‘పీ’ అనిరి. ‘చెరీజ్’ అను ఫ్రెంచి మాటనుండి ఇదే పొరపాటుచే ‘చెర్రీ’ పుట్టినది. ‘ఎడిటర్’ ముందు పుట్టి, దానిలో కర్త్రర్థకప్రత్యయమును చూచుకొని జనులు ‘ఎడిట్’ అను ధాతువును తరువాత కల్పించిరి. తండ్రిని కన్న బిడ్డవంటిది ‘ఎడిటర్’. సంధి విడదీయుటలోను ఇట్టి భ్రమలు కలుగును. వంటవారు కట్టుకొను వస్త్రము ‘నాప్రన్’; ‘ఎ నాప్రన్’ అనుటను ‘ఆన్ ఆప్రన్’ అని విడదీయుటచే నకారము ఊడి, నేటి ‘ఏప్రన్’ అయినది. ఒక విషసర్పమునకు పేరైన ‘యాడర్’ కు మొదట నకారముండెడిది, ఇట్లే పోయినది. ‘న్యూట్’ అను నీటిబల్లికి నకారము మొదట లేదు, ఇట్లే వచ్చినది. నారంగము పారసీక అరబ్బు దేశముల మీదుగ ఐరోపాకు పోయినపుడు స్పెయినులో ‘నరాంహ’ గ నకారముతోనే నిలిచినది. ఫ్రెంచి ఇటాలియన్ భాషలలో ఆ నకారము ముందునిలుచు ఉపపదముచే మ్రింగబడగా, ఇంగ్లీషువారికి ‘ఆరెంజ్’ దక్కినది. మూలమున ఆ మాట ద్రావిడమని పలువురు పండితుల మతము. ఏమైనను, అక్కడ రాలిన నకారము మన నారింజయందు నేటికిని భద్రముగ నున్నది.

హాంబర్గు నగరమునకు సంబంధించినది ‘హాంబర్గర్’. అందు ‘హామ్’ అను పందిమాంసము లేదు, ఉన్నది గోమాంసము. అయినను అమెరికావారు ‘హామ్’, ‘బర్గర్’ అని విడదీసి, రెండవ ముక్కకు ప్రాణము పోసిరి. నగరముపేరులోని తునకయొకటి నేడు లోకమెల్ల వ్యాపించిన భక్ష్యమైనది. మన పందికొక్కు వృత్తాంతము దీనికి విపరీతము. మన చెవికి అది స్పష్టముగ రెండు మాటలు. ఇంగ్లీషువారు దానిని ‘బ్యాండికూట్’ గ గ్రహించిన క్షణముననే ఆ కీలు మూసికొనిపోయి, విడదీయరాని ఒకే పదాంశమైనది. పంది ఎచ్చటనో, కొక్కు ఎచ్చటనో వారెరుగరు. ఆస్ట్రేలియాయందు కడుపుసంచిలో పిల్లలను పెంచు వేరొక జాతి జంతువునకు గూడ వారు ఆ పేరే పెట్టిరి. మన కొట్లలో ధాన్యము తిను జంతువుపేరు ఈ విధముగ, సంబంధము లేని ప్రాణికి సంక్రమించి, దక్షిణసముద్రముల కావల స్థిరపడియున్నది.

చివరకు మన ఊరి రహదారిమీద దుమ్ము లేపుచు వచ్చు బస్సును చూపి ముగించెదను. లాటిన్ భాషలో ‘ఓమ్నిబుస్’ అనగా అందరికొరకు. ‘ఓమ్ని’ ప్రాతిపదిక, దానికి అందరు అని అర్థము, ‘బుస్’ చతుర్థీబహువచనప్రత్యయము. ఫ్రాన్సున నాంత్ నగరమందు 1826లో నడచిన కిరాయిబండ్లకు ఈ పేరు వచ్చినది. 1829 జూలై 4న జార్జి షిల్లిబీర్ దానిని లండను వీథులలోనికి తెచ్చెను. కొలదికాలములోనే జనులు ఆ దీర్ఘపదమును తుంచి, అర్థమును మోయుచున్న ప్రాతిపదికను పారవేసి, ప్రత్యయమును మాత్రము నిలుపుకొనిరి. ‘బస్’ అనగా ఏ మాటకును చేరని ఒంటరివిభక్తి. సంస్కృత గ్రీకు లాటిన్ భాషలు ఏకమూలజన్యములని విలియం జోన్సు కలకత్తాలో 1786లో చెప్పిన దానికి ఈ ప్రత్యయమును సాక్ష్యమే: లాటిన్ ‘బుస్’, మన బాలురు శబ్దమంజరి వల్లించునపుడు ‘రామాయ, రామాభ్యాం, రామేభ్యః’ అని పలుకుదురే, ఆ ‘భ్యః’ కు సోదరము. అది లాటిన్‌యందే బహువచనము. దానికి ఇంగ్లీషువారు మరల తమ బహువచనము చేర్చి ‘బస్సెస్’ అనిరి. మనము ఇంగ్లీషు ప్రత్యయమును తీసికొనక, ఒంటరి ‘బస్’ నే స్వీకరించి, చివర ఉకారమునిచ్చి, మన సూత్రము చొప్పున ‘బస్సులు’ అంటిమి.